పాఠకుని రహస్యము, సంస్థల ధర్మము

ఉత్తరములు రెండు తెఱగులు. కార్డు ముక్క యొకటి, అంటించిన కవరు మఱియొకటి. కార్డుపై వ్రాసినదానిని సంచి కట్టువాడు చదువవచ్చును, పంచిపెట్టువాడు చదువవచ్చును, వీధి యరుగుమీద గూర్చున్న పొరుగువాడును చదువవచ్చును. అందువలననే కుశలప్రశ్నలకు కార్డును, అప్పుల సంగతికిని పెండ్లి సంబంధముల మాటకును కవరును వాడుట మనవారి కెవ్వరును నేర్పవలసిన విద్య గాదు. కవరు కొనువాడు దొంగయని గాని, కార్డు వ్రాయువాడు సత్యసంధుడని గాని యెవ్వరును దలపరు. ఎవరి మాట వారికి దక్కియుండుట మర్యాదయని యెల్లరు నెఱుగుదురు.

ఈ మర్యాదను ప్రభుత్వములు తఱచుగ మన్నింపలేదు. ఆంగ్లప్రభుత్వము 1885లో తంతిశాసనమును, 1898లో తపాలా శాసనమును జేసి, ప్రజాక్షేమము పేరిట తంతివార్తలను నిలుపుటకును ఉత్తరములను పట్టుకొనుటకును అధికారమును చేతబట్టుకొనెను. దేశము స్వతంత్రమైన పిదపను ఆ శాసనములు చిరకాలము నిలిచినవి. 1898 నాటి శాసనమునకు బదులుగ 2023లో క్రొత్త తపాలా శాసనము వచ్చినది. పాతది పోయినను, కవరును విప్పిచూచు నధికారము మాత్రము క్రొత్తదానిలోనికి నడచివచ్చినది. ఈ చరిత్రను స్మరించుట ప్రభుత్వముపై కత్తిగట్టుటకు గాదు. తన రహస్యమును తాను కాపాడుకొననివానికి దానిని కాపాడి యిచ్చువారు వేఱొకరు లేరని జ్ఞాపకము చేయుటకే.

ఇపుడు మన వ్యవహారములో నధికభాగము తపాలా సంచిలో బోవుట లేదు. తంతులలోను గాలిలోను బోవుచున్నది. గ్రంథాలయములు, సాహిత్యసమితులు, పూర్వవిద్యార్థి సంఘములు, ఇతర రాష్ట్రములందును విదేశములందును గల తెలుగు సంఘములు తమతమ వెబ్‌సైటులను నెలకొల్పుకొనినవి. చదువరులు వానిలో బేరు వ్రాయించుకొనుచున్నారు, ఫోను నంబర్ల నిచ్చుచున్నారు, చందాలు గట్టుచున్నారు, చర్చలు చేయుచున్నారు. అయినను వీనిలో గొన్నింటి ద్వారమునకు నేటికిని తాళము లేదు. రాకపోకలు చేయు మాటలన్నియు గార్డుముక్కలవలె బయలుగనే పోవుచున్నవి. కార్యదర్శుల నడిగినచో, మనది చిన్న సంఘము, మనయొద్ద దాచవలసిన దేమున్నదని యందురు. ఆ ప్రత్యుత్తరము చాలదనియు, తాళము వేయుట యిపుడు సంస్థలకు విలాసము గాక కనీసధర్మమైనదనియు మా యభిప్రాయము.

విషయమును దెలిసికొనుట కష్టము గాదు. వెబ్‌సైటు చిరునామాకు ముందు హెచ్‌టీటీపీ యని మాత్రమే యున్నచో నది కార్డు. ఆ యక్షరముల తుద నెస్ అను నొక్క యక్షరము చేరి హెచ్‌టీటీపీఎస్ యైనచో నది కవరు. చదువరి ఫోనునుండి బయలుదేఱిన మాట యింటి వైఫై పెట్టెను, కేబులు వాని యంత్రములను, ఇంటర్నెట్టు కంపెనీల సర్వర్లను, కొన్నియెడల సముద్రగర్భపు తంతులను దాటి గాని గమ్యము జేరదు. కార్డు రూపమున బోయినచో నీ మజిలీ లన్నింటను మూడు కీడులు సంభవింపవచ్చును. త్రోవలోనివాడు దానిని జదువవచ్చును. చదివి యూరకుండక తనకు వలసినట్లు దిద్దవచ్చును. ఈ రెండును గాక, తానే గమ్యస్థానము నని నటించి మాటను తనయొద్దనే నిలుపుకొనవచ్చును. చాటున జదువుట యొక్కటే ప్రమాదమని చాలమంది తలపోయుదురు. దిద్దుటయు నటించుటయు నంతకంటె గొప్ప ప్రమాదములు. చదువరి చూచు పుటలో సంఘమువారు వ్రాయని ప్రకటనను జొప్పించుటయు, చందా పంపవలసిన బ్యాంకు ఖాతా నంబరును మార్చుటయు, బయలుగ బోవు మాటల విషయమున సాధ్యములైన పనులే.

కవరు నంటించు విద్య యెట్టిదో కొంచెము చెప్పవలయును. పూర్వకాలపు గుప్తలేఖన మంతయు నొక్క తాళపుచెవిపై నాధారపడియుండెను. ఆ చెవి యిరువురికిని ముందుగ నందియుండవలయును. అందించు త్రోవలో నది దొంగచేత బడినచో నంతయు వ్యర్థము. 1976లో డిఫీ, హెల్మను అను నమెరికా పండితులు ఈ చిక్కునకు విరుగుడు ప్రకటించిరి. 1977లో రివెస్టు, షమీరు, ఆడిల్మను అను మువ్వు రా భావమును పనికి దెచ్చిరి. తెఱచియున్న తాళపుకప్పలను ఊరందఱికిని బంచిపెట్టి, తాళపుచెవిని మాత్రము తనయొద్ద నుంచుకొనుట వంటి దీ యుపాయము. కప్పను నొక్కి మూయుట కెవ్వరైనను జాలుదురు. తెఱచుటకు యజమానుడు దప్ప మఱి యెవ్వరును జాలరు. అయితే చేతికి వచ్చిన కప్ప నిజముగ నా సంఘమువారిదేనా, త్రోవలో నెవడైన మార్చి తన కప్పను బెట్టెనా యను సందియము మిగిలియుండును. దానిని దీర్చుటకే సర్టిఫికేటు లేర్పడినవి. దస్తావేజుపై రిజిస్ట్రారు ముద్రవలె, ఈ కప్ప ఈ చిరునామావారిదేయని యొక నమ్మకస్థుడైన మూడవవాడు వేయు ముద్రయే సర్టిఫికేటు. 1990 తరువాతి దశకమున నెట్‌స్కేపు కంపెనీవారు వెబ్‌సైటుల కీ పద్ధతిని గూర్చిరి. ఆ పద్ధతి పలుమార్లు సంస్కరింపబడి, 2018లో ప్రకటితమైన టీఎల్ఎస్ 1.3 అను రూపము వఱకు వచ్చినది.

చాలకాల మీ తాళము బ్యాంకులకును అంగళ్లకును మాత్రమే చాలునని లోకము తలచెను. డబ్బున్నచోట దాళము, మాటయున్నచోట బయలు, ఇదియే యానాటి నీతి. మఱికొందఱు పాస్‌వర్డు వ్రాయు పుట కొక్కదానికి దాళము వేసి, తక్కిన యింటిని తెఱచియుంచిరి. ఈ సగము తాళము నిరర్థకమని 2010 అక్టోబరులో తేటతెల్లమాయెను. ఎరిక్ బట్లరను అమెరికా ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అను చిన్న పరికరమును బహిరంగముగ లోకమున కిచ్చెను. చదువరి యొకసారి పాస్‌వర్డు చెప్పి లోనికి వచ్చిన పిదప, వెబ్‌సైటువారు వాని చేతికొక ప్రవేశచీటి నిత్తురు. పుట మార్చినపుడెల్ల నా చీటిని జూపుచుండవలయును. పాస్‌వర్డు కవరులో బోయినను ఈ చీటి కార్డుపై బోవుచుండెను. కాఫీ హోటలులో నుచితముగ నిచ్చు వైఫై క్రింద గూర్చుండి, ప్రక్కబల్లవాని చీటిని గాలిలోనే పట్టుకొని, వాని పాస్‌వర్డు దెలియకయే వాని ఫేసుబుక్కు ఖాతాలో బ్రవేశించుట పసిపిల్లవానికిని సాధ్యమని బట్లరు చూపెను. అవమానపఱుపబడినపుడు గాని మేల్కొనకుండుట పెద్దలకును సహజమే గాబోలు! ఆ పిదప పెక్కు పెద్ద కంపెనీలు ఇల్లంతటికిని దలుపులు వేయ నారంభించినవి.

మన మనుసరింపదగిన యుదాహరణము కంపెనీలది గాక, ప్రజాసంస్థయైన వికీపీడియాది. అందు వ్రాయువారు జీతగాండ్రు గారు, స్వచ్ఛందసేవకులు. అందు మన తెలుగు వికీపీడియాయు 2003 నుండి యొక భాగమై యున్నది. 2013 జూన్ నెలలో ఎడ్వర్డు స్నోడెను అమెరికా గూఢచారి శాఖ కాగితములను పత్రికల కందించెను. జూలైలో గార్డియన్ పత్రిక ప్రకటించిన యొక చిత్రమున, ఆ శాఖవారు గమనింపదగిన వెబ్‌సైటుల చిహ్నముల నడుమ వికీపీడియా చిహ్నమును గనబడెను. ఎవరు ఏ వ్యాసమును జదువుచున్నారో తెలిసికొనుట యా శాఖవారి కేల? చదువు మనస్సునకు జాడ గావున! ఆ సంవత్సరము ఆగస్టులోనే వికీపీడియావారు లాగిన్ యైన సభ్యులందఱికిని కవరు పద్ధతిని విధించిరి. చైనా, ఇరాను దేశములవారికి మాత్రము అప్పటికి మినహాయింపు నిచ్చిరి. తాళము వేసినచో నచ్చటి చదువరులు మొదటికే మోసపోవుదురేమో యని శంకించిరి. 2015 జూన్ 12వ తేదీన, సభ్యులేగాక కేవలము చదువుకొనవచ్చినవారి కందఱికిని, అన్ని భాషలయందును, తాళమును సార్వత్రికము చేయుదుమని ప్రకటించిరి.

ఈ నిశ్చయమునకు మూల్యము లేకపోలేదు. కార్డు కాలమున దనకు గిట్టని వ్యాసమును గిల్లివేయగలిగిన ప్రభుత్వము, కవరు కాలమున నేది యే వ్యాసమో తెలియక, మొత్తమును మూయవలయును; లేదా మొత్తమును విడువవలయును. 2015 ఆగస్టులో రష్యా ప్రభుత్వము మాదకద్రవ్యమును గూర్చిన యొక్క వ్యాసము నిమిత్తమై వికీపీడియాను మూయ నాజ్ఞాపించి, ఒక్కదినములోనే వెనుదీసెను. టర్కీ ప్రభుత్వము 2017 ఏప్రిలు నుండి 2020 జనవరి వఱకు మూసియుంచెను. చైనాలో 2019లో నన్ని భాషల వికీపీడియాలును మూతపడినవి. కాని లెక్క తుదకెట్లు దేలెను? హార్వర్డు విశ్వవిద్యాలయపు బెర్క్‌మన్ క్లైన్ కేంద్రమువారు విచారించి, తాళము వేసినపిదప మొత్తముమీద నిర్బంధము తగ్గినట్లే కనబడుచున్నదని 2017లో దెలిపిరి. ఒక వ్యాసమును జాటుగ జింపుటకు సాహసించు ప్రభువులు, గ్రంథాలయ మంతటికిని బహిరంగముగ దాళము వేయుటకు సందేహింతురు. దొంగచాటు పని కాస్త వెల్లడి పని యగుటయే యిందలి కీలకము.

తాళమువలన గలుగు లాభమునకు మేరయును గలదు. దాని నిపుడే చెప్పుట మేలు. కవరుపై జిరునామా కనబడునట్లే, చదువరి యే వెబ్‌సైటునకు బోయెనో త్రోవలోనివారు సామాన్యముగ గనుగొనగలరు. లోపల నే పుట జదివెనో, ఏమి వ్రాసెనో గనుగొనలేరు. ఒక యువతి తన వ్యాధిని గూర్చి జదివినను, ఒక కౌలుదారు భూమి శాసనమును గూర్చి జదివినను, ఒక విద్యార్థి యింటివారి మతమునకు విరుద్ధమైన తత్త్వమును జదివినను, ఆ సంగతి వారికిని పుస్తకమునకును నడుమనే నిలిచియుండును. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ కూడిననాటి నుండి మన గ్రంథాలయోద్యమమునకు బ్రాణము పాఠకుడే. ఎవరు ఏ పుస్తకమును దీసికొనిపోయిరో వీధిలో జాటించు గ్రంథపాలకుని మన మెవ్వరమును సహింపము. తాళము లేని వెబ్‌సైటును నడుపు సంస్థ తెలియకయే యా చాటింపు చేయుచున్నది. మాయొద్ద దాచవలసిన దేమియు లేదని కార్యదర్శి పలుకుట సత్యమే కావచ్చును. కాని యది వాని రహస్యము గాదు, చదువరిది. పరుల సొత్తును దనది వలె వదలివేయుట కెవ్వరికిని హక్కు లేదు.

ఇక వ్యయమను సాకు. ఒకనాడు సర్టిఫికేటునకు సాధారణముగ నేటేట రుసుము గట్టవలసియుండెను. తెప్పించుటయు దగిలించుటయు శ్రమతో గూడిన పని. బీదసంస్థ లందుకు వెనుదీసిన దప్పు గాదు. 2015తో నా సాకు దీఱినది. ఇంటర్నెట్ సెక్యూరిటీ రీసెర్చ్ గ్రూప్ అను లాభాపేక్షలేని సంస్థవారు, మొజిల్లావారును, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషనువారును, మిషిగను విశ్వవిద్యాలయపు పండితులును దోడ్పడగా, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ధర్మకార్యమును స్థాపించిరి. 2015 డిసెంబరునుండి యెల్లరికిని సర్టిఫికేటులు వెలలేక లభించినవి. 2020 ఫిబ్రవరి నాటికి వా రిచ్చిన సర్టిఫికేటులు నూఱుకోట్లు నిండినవి. అడుగుటయు, ఇచ్చుటయు, గడువు దీఱకముందే మార్చుటయు యంత్రమే చూచుకొనును. 90 దినముల గడువును బెట్టినవారు, దొంగిలింపబడిన ముద్ర చిరకాలము చెల్లరాదనియు, మానవుని మఱపుపై వ్యవహార మాధారపడరాదనియు నాలోచించిరి. ఎల్ల సర్టిఫికేటుల పరమావధియును 2029 మార్చి నాటికి 47 దినములకు దగ్గింపవలెనని, సర్టిఫికేటుల నిచ్చువారును బ్రౌజరు కంపెనీలును గూడిన సభ 2025లో దీర్మానించినది. కావున నేటేట గుర్తుంచుకొని చేతితో మార్చుకొందుమను సంస్థలు ముందు ముందు నిలువజాలవు. యంత్రమున కప్పగింపవలసినదే.

పాత ఫోనులవారి మాట యేమని కొంద ఱడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. మూలసర్టిఫికేటులకును గడువు గలదు; 2021 సెప్టెంబరు 30న నట్టి యొకదాని గడువు దీఱగా, చిరకాలముగ మరమ్మతు లేని కొన్ని పరికరములు తాళము గల వెబ్‌సైటులను జూపలేక నిలిచిపోయినవి. బీద చదువరిపై నీ భారము పడుట విచారకరము. కాని యెదుటి త్రాసులో నేమున్నదో చూడవలయును. 2018 జూలై నుండి క్రోము బ్రౌజరు తాళము లేని ప్రతి వెబ్‌సైటుపైనను భద్రము గాదని వ్రాసి చూపుచున్నది. ఆ మాటను జదివిన సామాన్యుడు సంఘమునే శంకించును. సంఖ్యలో గొలదియైన పాత పరికరముల నిమిత్తమై తక్కిన చదువరులందఱిని బయలున నిలుపుట ధర్మము గాదు. అట్టివారికి గ్రంథాలయమున నొక కంప్యూటరు నుంచి సాయపడుట ధర్మము.

తాళము వేసినంతమాత్రమున నంతయు నైనదని సంతసించువారికి రెండు హెచ్చరికలు. మొదటిది, తాళము త్రోవను గాపాడును గాని గృహస్థుని గుణమునకు బూటపడదు. మోసగాడును దన యంగడికి వెలలేని సర్టిఫికేటును దెచ్చుకొనగలడు. తాళపుబొమ్మను జూచి మంచివాడని ప్రజలు భ్రమపడుచున్నందున, 2023లో క్రోమువా రా బొమ్మనే తీసివైచి వేఱొక గుర్తు నుంచిరి. రెండవది, ముద్ర వేయువాడే చెడినచో నంతయు జెడును. 2011లో డిజినోటారు అను డచ్చి సంస్థలో దొంగలు జొరబడి, అయిదువందలకు బైగా దొంగసర్టిఫికేటులను బుట్టించిరి. వానిలో నొకటి గూగులు పేరిటిది. ఇరానులో లక్షలమంది జీమెయిలు వాడువా రా వలలో జిక్కిరి. ఆ సంస్థ సంగతిని సకాలమున బైటపెట్టక, లోకపు నమ్మకమును గోల్పోయి, ఆ సెప్టెంబరులోనే దివాలా దీసెను.

మనదేశపు బేరును ఈ పట్టికలో నొకచో గలదు. దానిని గప్పిపుచ్చుట దేశభక్తి గాదు. 2014 జూలైలో, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు పేరిట గూగులు చిరునామాలకు ననధికార సర్టిఫికేటులు పుట్టియున్నట్లు గూగులువారు కనుగొనిరి. భారతప్రభుత్వపు నియామకాధికారి యా సంస్థ సర్టిఫికేటులను రద్దు చేసెను. అంతటితో బోక, క్రోమువారు మన ప్రభుత్వపు మూలసర్టిఫికేటు చెల్లు చిరునామాలనే కొలదిపాటి కట్టుబాటులో నుంచిరి. పరదేశి కంపెనీ మనకు హద్దులు గీయుట యెవ్వరికి నచ్చును? మాకును నచ్చదు. కాని యా యవమానమును దీర్చుకొను మార్గము మేజాబల్ల గ్రుద్దుట గాదు. నమ్మకము శాసనముచే బుట్టదు. లెక్కలు వెల్లడిచేయుటవలనను, తప్పు జరిగిననాడే చెప్పుటవలనను, పరుల పరీక్షకు నిలుచుటవలనను బుట్టును. ఈ సంఘటనల పిదప, ఇచ్చిన ప్రతి సర్టిఫికేటును బహిరంగపు చిట్టాలో నెక్కింపవలెనను నియమము వ్యాపించి, 2018 నుండి క్రోమువా రది లేని క్రొత్త సర్టిఫికేటులను మన్నించుట మానిరి. స్వదేశి ముద్ర లోకమున జెల్లవలెనని గోరువారు ముందుగ స్వదేశమున బహిరంగపు చిట్టాను నేర్చుకొనవలయును.

ఇపుడు పాస్‌వర్డుల ప్రసంగము. త్రోవ భద్రమైనను ఇంటిలోని పెట్టె భద్రముగాకున్న నేమి ఫలము? 2009 డిసెంబరులో రాక్‌యు అను కంపెనీనుండి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడినవి. వానిని వారు సాదా యక్షరములలోనే దాచియుంచిరి. చూడగా నందఱికంటె నెక్కువమంది వాడినది 123456 అను నంకెల వరుస! 2012లో లింక్డిన్ కంపెనీనుండి పోయినవి 65 లక్షలని మొదట దలచిరి. 11 కోట్లకు బైబడినవని 2016లో దేలెను. పాస్‌వర్డును సాదాగ దాచక, మరల విప్పరాని ముద్దగ నూఱి యుంచవలెననియు, ప్రతి ముద్దలోను వేఱువేఱుగ గొంత యుప్పు గలుపవలెననియు మోరిసు, థాంప్సను అను పండితులు 1979లోనే వ్రాసిరి. ఉప్పు అనియే యా శాస్త్రమున దానికి బేరు. అది కలిపినచో నిరువురి పాస్‌వర్డు లొక్కటియే యైనను ముద్దలు వేఱుగ నుండును. దొంగ యొక్కొక్కదానిని వేఱుగ ఛేదింపవలసివచ్చును. లింక్డిన్‌వారి పాత్రలో నూఱుట గలదు గాని యుప్పు లేదు. మూడుపదులేండ్ల నాటి వంటను పెద్ద కంపెనీయే మఱచినచో, చిన్న సంఘములవారు తమ పాత్రను మూతదీసి చూచుకొనవలదా? పాస్‌వర్డు మఱచితినని వ్రాసిన సభ్యునికి, ఆ పాస్‌వర్డునే యక్షరాల వ్రాసి యీమెయిలులో బంపు సంస్థ తన వంటలోని లోపమును దానే చాటుకొనుచున్నది.

మన సంఘములలోని యసలు వ్యాధి శాస్త్రజ్ఞానలోపము గాదు; అప్పగింతల లోపము. వెబ్‌సైటు నంతయు మార్చగల పాస్‌వర్డొకటి, దానిని కార్యవర్గము పదిమందియు బంచుకొందురు. అది వాట్సాపు సందేశములలో దిరుగును. పదవి దిగిన కార్యదర్శికిని, ఊరు విడిచిన విద్యార్థికిని, జీతము చాలక మానుకొన్న గుమాస్తాకును నది తెలిసియే యుండును. నగదుపెట్టె తాళపుచెవిని లెక్కతో నప్పగించు మర్యాద గలవారు, సభ్యుల పేర్ల పట్టికను దెఱచు చెవిని లెక్కలేక వదలుదురు. కొన్నియెడల వెబ్‌సైటు పేరే సంఘము పేరిట గాక యెవరో యొక యుత్సాహి పేరిట రిజిస్టరై యుండును. ఆయన యలిగినను, ఆయనకు గాలము దీఱినను, సంఘపు జిరునామా గాలిలో బోవును. పెద్దలకును నిట్టి యపాయము దప్పదు. 2016 నవంబరులో వికీపీడియా నిర్వాహకుల ఖాతాలు గొన్ని దొంగలచేత జిక్కినవి. వానిలో స్థాపకుడైన జిమ్మీ వేల్సుగారి ఖాతాయు నుండెను. ఆ సందర్భముననే నిర్వాహకులు రెండంచెల ప్రవేశమును బూనవలెనను ప్రబోధము బలపడినది.

రెండంచెల ప్రవేశము మనవారికి గ్రొత్త గాదు. 2009 ఆగస్టు నుండి రిజర్వుబ్యాంకువారు ఇంటర్నెట్టులో గార్డు వాడువారికి రెండవ సాక్ష్యమును విధించిరి. ఓటీపీ యను మాట నేడు కూరగాయల బజారునను వినబడుచున్నది. పదిరూపాయల కొనుగోలునకు రెండు సాక్ష్యముల నడుగు మనము, వేయిమంది సభ్యుల వివరములు గల పెట్టెను దెఱచుటకు నొక్క మాటతో దృప్తిపడుట వింతగాదా? ఎస్సెమ్మెస్ మూలమున వచ్చు నంకెకంటె ఫోనులోని యాపు పుట్టించు నంకె మేలు. దానికంటెను చిన్న యుపకరణపు తాళపుచెవి మేలు. ఏదియు లేకుండుటకంటె నేదైనను మేలు. అయితే యడిగినవారికి ఓటీపీని జెప్పుట తన చేతనే తలుపు దీయుట యని యెల్లరును గుర్తుంచుకొనవలయును.

ప్రభుత్వధర్మమును గూర్చి యొక్క మాట. 2015 సెప్టెంబరులో గుప్తలేఖన విధానమని యొక చిత్తును బ్రకటించి, తాళములో బంపిన మాటల సాదా ప్రతులను బౌరులు 90 దినములు దాచియుంచి యడిగినపు డీయవలెనని విధింపజూచిరి. దేశమంతట గగ్గోలు పుట్టగా కొలదిదినములలోనే యుపసంహరించిరి. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామిగారి వ్యాజ్యమున, ఏకాంతము పౌరుని మూలహక్కని యేకకంఠముగ దీర్పు చెప్పెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణశాసనము, తమచేతిలోని సమాచారమునకు దగిన రక్షణ చేయనివారికి 250 కోట్ల రూపాయలవఱకు దండనను జెప్పుచున్నది. హక్కును గోర్టు చెప్పినది. దండనను శాసనము చెప్పినది. కాని తలుపునకు గడియ వేయుటకు న్యాయమూర్తి రాడు. పౌరుల రహస్యమును బ్రభుత్వము మన్నింపవలెనని తీర్మానములు చేయు సంఘములు, తమ సభ్యుల రహస్యమును దాము మన్నించుచున్నవా యని మొదట విచారించుకొనవలయును.

కావున సంస్థల కార్యవర్గములకు మా సూచనలివి. వెబ్‌సైటునం దొక్క పుటయు మిగులక తాళము వేయింపుడు. పాత చిరునామాకు వచ్చినవానిని దానంతట నదే తాళము గల ద్వారమునకు జేర్చునట్లు చేయుడు. పాత పుటలలోని బొమ్మలును పటములును బయటిత్రోవనే వచ్చుచుండిన వానిని గూడ లోనికి దిప్పుడు. తలుపు మూసి కిటికీ దెఱచియుంచుట పనికిరాదు. తాళము గల ద్వారమునే వాడుమని బ్రౌజరులను శాసించు నియమమును మొదట గొలది దినములకు బరీక్షించి, పిదప దీర్ఘకాలమునకు బొడిగింపుడు. సర్టిఫికేటు మార్పును యంత్రమున కప్పగించి, అది జరుగుచున్నదో లేదో చూచుట కొక మనిషిని నియమింపుడు. పాస్‌వర్డు పొడవుగ నుండునట్లు కోరుడు. నెలనెల మార్పుమని వేధింపవలదు. అట్టి వేధింపువలన జనులు చివర నొక యంకెను మాత్రము మార్చుచుందురు. అమెరికా ప్రమాణసంస్థవారే 2017లో నా నియమమును విడిచిరి. నిర్వాహకుల కొక్కొక్కరికి వేఱుఖాతాయును, రెండంచెల ప్రవేశమును విధింపుడు. పదవి మాఱిననాడే యధికారము మాఱవలయును. అన్నింటికంటె ముఖ్యముగ, అక్కఱలేని సమాచారము నడుగకుడు. మీయొద్ద లేనిదానిని దొంగ యెత్తుకొనిపోలేడు.

ఇందు లక్షలు వెచ్చింపవలసిన పని యొక్కటియు లేదు. పట్టణమున గంప్యూటరు విద్య నేర్చిన యువకు డొకడు శ్రద్ధతో గూర్చున్నచో చిన్న సంఘపు పని రెండుమూడు దినములలో ముగియును. తెలుగుయువకులు దేశదేశములలోని కంపెనీల కోటలకు దాళములు బిగించుచున్నారు. సొంత యూరి గ్రంథాలయపు దలుపునకు గడియ వేయుమని వారి నడిగినవా రెవ్వరు? అడుగుడు; వత్తురు. వార్షికసభలలో ఆదాయవ్యయముల పట్టికను జదువునట్లే, తాళము వేసితిమా, అప్పగింతలు జరిగెనా యను రెండు ప్రశ్నలకును బ్రత్యుత్తరమును జదువు నాచారము నీ యేడే యారంభింపుడు. సభ్యులును నా ప్రశ్నల నడుగుట తమ హక్కని యెఱుగుదురుగాక. చదువరి మనల నమ్మి తన పేరును దన మాటను మన చేతిలో బెట్టినాడు. ఆ నమ్మకమునకు దగిన తలుపును నిలుపుట సంస్థల విధి.